రెండుసార్లు కూసిన మిల్లు

3 నవంబరు 2025, సోమవారం

ఈ రోజు పత్తి మిల్లు సైరన్ రెండుసార్లు కూసింది. ఎనిమిదింటికి ఒకసారి, ఏడు నిమిషాలు పోయాక ఇంకోసారి. నేను ఎదురుగా టిఫిన్ బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటున్నాను. పక్కనెవరో "ఏమప్పా, మిల్లుకు ఎక్కిళ్ళు పట్టినాయా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సగం బజ్జీ నమిలాక గుర్తొచ్చింది, ఆ కూత వేసే కంప్యూటర్ చూసుకునేవాణ్ణి నేనే అని.

మేనేజర్ రాజశేఖర్ పిలిపించాడు. ఆయన అరిచే మనిషి కాదు, అదే నా కర్మ. అరిస్తే మనమూ అరవొచ్చు.

"మధ్వేశ్ గారూ, నాలుగేండ్లు ఒక్క మాట రాలేదు. దసరా పోయినప్పట్నుంచి ఆ గడియారం ఒక దినం ముందుకు, ఒక దినం ఎనక్కు. కూత సంగతి అటుండనీ. వేలిముద్ర మిషనుకు టైము దీన్లోనుంచే కదా పోయేది? ఎవురు లేటు, ఎవురు కాదు అని నేనెట్ల తేల్చల్ల?"

ఎనిమిది దాటి వేలు పెడితే మిషనులో ఎర్ర లైటు. సీజన్‌లో మూడు ఎర్రలు పడితే పేరు కొట్టేస్తారు. ఆ రూలు ఆయన పెట్టింది కాదు, ఓనర్లది. ఈ నెలాఖరుకు నా కాంట్రాక్టు కూడా మళ్ళీ రాయాలి. ఆ మాట ఆయన అనలేదు. అనలేదని నేను గమనించాను.

గేటు గదిలో కంప్యూటర్ తెరిచి అరగంటలో పట్టేశాను. సాయంత్రం గుమాస్తా ఏదో బిల్లుల కోసం అదే పెట్టెలో విండోస్ తెరుస్తాడు. పొద్దున కూత వేసేది మళ్ళీ లినక్స్. లోపలుండే గడియారంలో ఉన్నది మన టైమని విండోస్ అనుకుంటుంది, లండన్ టైమని లినక్స్ అనుకుంటుంది. ఐదున్నర గంటల తేడా. ఇద్దరినీ ఒకే మాట మీదికి తెచ్చి వచ్చాను. మేనేజర్‌కి "తప్పు విండోస్‌ది" అని చెప్పాను.

ఎమ్మిగనూరులో పొద్దున ఏడింటి ఆదోని బస్సు ఈ రోజు కూడా జారిపోయేదే. జయరాం ఉన్నాడు కాబట్టి దొరికింది. సోమప్ప సర్కిల్‌లో నేను కనబడకపోతే కండక్టర్ జయరాం విజిల్ వెయ్యడు. రెండు నిమిషాలు చూస్తాడు. ఆయనకు అలవాటైపోయింది.

4 నవంబరు

ఒక్కసారే కూసింది. చెప్పానుగా.

5 నవంబరు, కార్తీక పౌర్ణమి

మళ్ళీ రెండుసార్లు.

ఐదున్నర గంటలకూ ఏడు నిమిషాలకూ పొంతన ఏమిటని సోమవారమే నన్ను నేను అడగాల్సింది. అడగలేదు.

గేటు దగ్గర ఒకామె నన్ను ఆపింది. పత్తిలో చెత్త ఏరే పని. ఆస్పరి అవతల పల్లె, తొమ్మిది మంది ఆడవాళ్ళు కలిసి ఒకే ఆటోలో వస్తారట. పేరు హులిగమ్మ. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఏం సార్, ఈ డబ్బా బాగు సేసేది నువ్వేనంట కదా?" అంది.

"నేనేనమ్మా."

"మరెప్పుడు బాగయితాది? నాకు రెండు ఎర్రలు పడిండాయి. ఒకనాడు వేలు పెట్టేతలికి ఏడూ యాభై ఎనిమిది సూపిచ్చె, నా ముందరామెకు పచ్చ ఎలిగె. నేను వేలు పెడితే ఒక్కసారిగా ఎనిమిదీ ఐదు! ఒక్క రెప్పపాటుకు ఏడు నిమిషాలు యాడికి పాయె సార్?"

నేను మిషను వైపు తిరిగి టైము చూశాను.

"ఇంగొకటి పడితే తీసేస్తారంట. తీసేస్తే నేను సుగ్గికి పోవల్ల. గుంటూరు పక్క మిరపకాయలు తెంపేదానికి, మార్చి దాకా. మా పాపకు పదో తరగతి. ఒక్కదాన్నే ఇంట్లో ఇడిసిపెట్టి పోతానా? దాన్నీ బడి మానిపిచ్చి ఎంటబెట్టుకోని పోవల్ల. దానికేమో పరీచ్చలు అప్పుడే."

"నీకు మూడో ఎర్ర పడదమ్మా. ఇది నా మాట. గడియారం సరి చేస్తాను," అన్నాను.

ఎవరడిగారు నన్ను మాటిమ్మని!

6 నవంబరు

లోపలి బిళ్ళ బ్యాటరీ మార్చాను. దాని తప్పేం లేదని మారుస్తున్నప్పుడే తెలుసు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి కదా. వాచ్‌మన్ భీమప్ప కుర్చీలో కూర్చుని నా చేతులనే చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గేటు ఆయనదే. కంప్యూటర్ రాకముందు కూత కూడా ఆయనే వేసేవాడట, తన చేతి గడియారం చూసుకుని.

"దొరికిందా సార్?" అన్నాడు.

"దొరుకుతుంది భీమప్పా. ఎక్కడికి పోతుంది?"

"అవున్లే," అని బయటికి పోయి బీడీ ముట్టించాడు.

ఆటోమేటిక్ టైము బటన్ ఆపేసి ఉంది. నిన్న కూడా ఆపేసి ఉంటే పెట్టి వచ్చాను. దానంతటది ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో పురుగు ఉండాలి. గేటు గదిలో దాన్ని ముట్టేవాళ్ళు ఎవరున్నారు గనక? భీమప్పకు మౌసు పట్టుకోవడమే రాదు.

7 నవంబరు

చిట్టా తీశాను. టైము మారిన ప్రతిసారీ కంప్యూటర్ ఒక లైను రాసి పెట్టుకుంటుంది. ఈ పని సోమవారమే చేసి ఉంటే బ్యాటరీ ఖర్చు తప్పేది.

రోజూ పొద్దున ఏడూ యాభై ప్రాంతంలో గడియారం ఏడు నిమిషాలు వెనక్కి పోతుంది. కాసేపటికి ఏడు నిమిషాలు ముందుకి దూకుతుంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఒకడు వెనక్కి లాగుతున్నాడు, ఒకడు ముందుకి తోస్తున్నాడు. ఎనిమిది కొట్టాక వెనక్కి లాగితే ఎనిమిది మళ్ళీ వస్తుంది. అందుకే రెండు కూతలు.

ముందుకి తోసేవాడు దొరికాడు. పది నిమిషాలకోసారి నెట్‌లోంచి సరైన టైము తెచ్చి పెట్టే చిన్న ప్రోగ్రాం, ఒక స్క్రిప్టు. దసరా సెలవుల్లో ఎవరో పెట్టినట్టుంది.

అదే రోజు, పడుకోబోతూ

మా ఆవిడ అనఘ అడిగింది: "ఏన్రీ, ఆ గడియారం కథ తెగిందా?"

"సగం తెగింది. ఎవరో ఒక స్క్రిప్టు పెట్టి పోయారు."

"ఆ కంప్యూటర్ మీరు తప్ప ఇంకెవురు సూస్తారు?"

దీపం ఆర్పేశాను.

8 నవంబరు, శనివారం

ఎవరో అని నిన్న రాశాను. నా డైరీలో నాకే అబద్ధం! చదివేవాడు కూడా నేనే కదా, ఎవరిని మోసం చెయ్యడానికి?

స్క్రిప్టు నేనే పెట్టాను. టైము సరిచేసే ఏర్పాటు లినక్స్‌లో ముందే ఉంది, ఆ ఆటోమేటిక్ బటన్ అదే. అది చాలదన్నట్టు పండగ సెలవుల్లో కూర్చుని, రెండో కాపలా ఉంటే మంచిదని, ఇంకొకటి తగిలించాను. పెట్టి మర్చిపోయాను. విండోస్‌ని తిట్టాను, బ్యాటరీని తిట్టాను. మేనేజర్‌కి ఈ ముక్క చెప్పలేదు. అవసరం కూడా లేదు. తీసేశాను కదా.

ఇక వెనక్కి లాగేది. అది మనిషి పని. చిట్టా చెబుతోంది: బటన్ ఆపి, టైము మార్చి, ఎనిమిదింపావుకి మళ్ళీ టైము మాత్రం సరి చేసి పెడుతున్నారు. మానిటర్ అంచున పాస్‌వర్డ్ చీటీ అతికించి ఉంది, ఎవరైనా కొట్టొచ్చు. ఎవరని నేను అడగలేదు. అడిగితే గొడవ. చీటీ చింపేశాను, పాస్‌వర్డ్ మార్చేశాను. నేను చింపుతుంటే భీమప్ప తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను తిరిగేసరికి గేటు వైపు పోయాడు.

మేనేజర్‌కి ఉత్తరం రాసిచ్చాను. సోమవారం నుంచి మిల్లు గడియారంలో ఒక్క సెకను తేడా వచ్చినా బాధ్యత నాది. కింద సంతకం. చేతిరాత కూడా బాగా వచ్చింది.

10 నవంబరు, సోమవారం

సరిగ్గా ఎనిమిది. ఒకే కూత. ఫోన్‌లో చూసుకున్నాను, ఒక్క సెకను తేడా లేదు. గర్వంగా ఇంకో ప్లేటు ఉగ్గాని చెప్పాను.

ఎనిమిదీ ఐదుకి ఆటో వచ్చింది. దిగి పరుగు. బీప్, ఎర్ర. బీప్, ఎర్ర. తొమ్మిది మందికీ తొమ్మిది ఎర్రలు. హులిగమ్మ చివర. ఆమె వేలు పెట్టి, తీసి, చీర కొంగుకు తుడిచి మళ్ళీ పెట్టింది. వేలికి తడి ఉందనుకుందేమో. ఎర్రే.

పదకొండింటికి ఆమె పేరు కొట్టేశారు. ఎప్పుడూ బజారు ఎగిరిపోయేలా మాట్లాడే మనిషి, గేటు బయట సద్ది గిన్నె చేత్తో పట్టుకుని నిలబడింది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. ఎందుకు పోయానో!

"సరి సేస్తానంటివి కదా సార్," అంది. అంతే.

మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. "ఒక్కసారికి వదిలెయ్యండి సార్" అన్నాను. ఆయన నా ఉత్తరమే తీసి నా ముందు పెట్టాడు. "ఒక్క సెకను కూడా తేడా లేదని మీరే రాసిచ్చినారు కదా మధ్వేశ్ గారూ. టైము తప్పు అని మీరు సెప్పండి, ఇప్పుడే ఆమెను పిలుస్తా."

టైము తప్పు కాదు.

11 నవంబరు

తలనొప్పి. మిల్లుకు పోలేదు.

12 నవంబరు, బుధవారం

గేటు గదిలో అడుగు పెట్టగానే భీమప్ప తలుపు దగ్గరగా వేశాడు. టీ తెప్పించాడు. ఎన్నడూ తెప్పించని మనిషి.

"సార్, ఒక మాట సెప్పల్ల. కోపం సేసుకోవద్దు. ఆ ఏడు నిమిషాలు ఎనక్కి తిప్పేది నేనే."

నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. శనివారం నుంచీ తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉన్నాను.

"నీకెవరు నేర్పారు భీమప్పా?"

"మీరే కదా సార్! నాలుగేండ్ల కిందట కరెంటు పోయి వచ్చినప్పుడు, మీకు రానీకి కాక, ఫోన్లో సెప్పినారు. ఆ మూల బొమ్మ ఒత్తు, ఆ బటను ఆపు, ఈ బాణం ఒత్తు అని. చీటీ కూడా మీరే అతికిచ్చినారు. అచ్చరాలు నాకు రావు. ముగ్గు సూసి ముగ్గేసినట్ల, ఒకొక్కటి సూసి ఒత్తుతా."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. టీ తాగేశాను.

"ఎందుకు తిప్పడం?"

"రైలు గేటు సార్. ఆస్పరి పక్కనుంచి వచ్చే ఆటో గేటు కాడికి ఏడూ యాభైకి వస్తాది. అప్పుడే గేటు పడతాది. బండి పోయి గేటు లేసేతలికి ఎనిమిది. కూత నా సేతిలో ఉన్నన్నాళ్ళు, గేటు లేసి ఆ ఆడోళ్ళు కంటికి కనపడే దాకా నేను కూత ఏసేటోన్ని కాదు. ముందుండిన మేనేజరుకు తెలుసు, ఏమనకపాయె. కంప్యూటరుకు రైలు గేటు సంగతి తెల్దు కదా. దానికి నేను ఇట్ల తెలిసేటట్ల సేస్తాంటి."

"వాళ్ళు ఇంకాస్త ముందు బయల్దేరొచ్చు కదా?" అన్నాను. ఇలాంటివి నా నోటికి భలే వస్తాయి.

"ఆ ఊళ్ళో కొళాయి ఇడిసేది ఆరున్నరకు సార్. నీళ్ళు పట్టి పెట్టకుంటే ఇంట్లో పొద్దు పోయేదాకా తాగేదానికి సుక్క ఉండదు."

ఆయన టీ గ్లాసులు తీసి కిటికీలో పెట్టాడు. తర్వాత ఆయనే అన్నాడు. "దసరా పోయినాక నేను ఎనక్కి తిప్పితే అది ముందుకు దూకబట్టె. నేను మల్లా తిప్పుతా, అది మల్లా దూకుతాది. దానికేదో పట్టిందనుకుంటి. మీకు సెప్దామంటే, ఎవురు ముట్టినారని అడుగుతారని భయం. మార్చికి నాకు రిటైరు సార్. ఇప్పుడు ఇది బయటపడితే..."

ఆ దూకేది నా స్క్రిప్టు అని చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మీరు మంచికే పెట్టింటారు లే సార్," అన్నాడు.

13 నవంబరు

ఉగ్గానికి పోకుండా రైలు గేటుకి పోయి నిలబడ్డాను. గేటు పడింది 7:51. లేచింది 7:59. మధ్యలో ఆటో, ఆటోలో ఎనిమిది మంది. అందరూ తలలు బయటికి పెట్టి పట్టాల వైపు చూస్తున్నారు. చూస్తే రైలు తొందరగా వస్తుందా? నేనూ అటే చూశాను.

హులిగమ్మ చోటు ఖాళీగా ఉంది. సుగ్గికి పోయే బండి ఆదివారం కాక వచ్చే ఆదివారం బయల్దేరుతుందట, పేరు ఇచ్చిందట. పాప బడిలో కూడా చెప్పేసిందట. ఆ ఆటోలోని ఆమే చెప్పింది. మిగతా వాళ్ళు మొన్న, నిన్న ఇంట్లో నీళ్ళు పట్టకుండానే ముందు బయల్దేరి వచ్చారట, ఈ రోజు కుదరలేదు.

14 నవంబరు

మేనేజర్‌కి ఏం చెప్పాలి?

విండోస్ అని చెప్పాలంటే అబద్ధం, పైగా పాతబడింది. నిజం చెప్తే భీమప్ప పోతాడు. ఏమీ చెప్పకపోతే హులిగమ్మ పోతుంది, ఆ పిల్ల చదువు పోతుంది. నా కాంట్రాక్టు మాత్రం నిలుస్తుంది. ఎమ్మిగనూరులో నేను కంప్యూటర్లు చూసుకునేవి రెండు చిన్న ఆఫీసులు. ఆదోనిలో ఈ మిల్లు ఒక్కటే. ఇల్లు గడిచేది మిల్లుతోనే.

అనఘకు మొత్తం చెప్పాను, నా స్క్రిప్టుతో సహా. విని, "ముందే తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"'ఎవరో పెట్టి పోయారు' అన్నారు కదా, అప్పుడే."

15 నవంబరు, శనివారం. ఏకాదశి

ఉపవాసంతో పోయాను. కడుపులో ఏమీ లేకపోతే ధైర్యం కూడా ఉండదని ఈ రోజు తెలిసింది.

చిట్టా ముద్రించి మేనేజర్ ముందు పెట్టాను. దసరా నుంచి జరిగిన తోపులాట అంతా చెప్పాను. ముందుకి తోసింది నా స్క్రిప్టు అని కూడా. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివాడు.

"సరే. మరి ఎనక్కి తిప్పింది ఎవురు?"

"నేనే."

నోట్లోంచి వచ్చేసింది. ఏకాదశి రోజు అబద్ధం! ఇప్పుడు రాస్తూ ఆలోచిస్తే మొత్తం అబద్ధం కాదనిపిస్తోంది. తిప్పడం నేర్పింది నేను, చీటీ అతికించింది నేను. మళ్ళీ నాకు నేను సర్దిచెప్పుకుంటున్నానేమో. అబద్ధమే. పోనీ.

"మీరా? ఎందుకు?"

నాలుగేళ్ళ నుంచీ అని చెప్పాను. రైలు గేటు చెప్పాను. కొళాయి చెప్పాను. ఆటో చెప్పాను. హులిగమ్మ పాప పదో తరగతి కూడా చెప్పాను. ఆయన కిటికీలోంచి గేటు వైపు చాలాసేపు చూశాడు. అక్కడ భీమప్ప ఒక లారీకి గేటు తీస్తున్నాడు. నేను అటు చూడలేదు.

"నాలుగేండ్లు," అన్నాడు చివరికి. "నాలుగేండ్లు ఒక మిల్లు గడియారాన్ని తిప్పినారు గానీ, సార్ మాకు ఏడు నిమిషాలు కావల్లని నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేనేమన్నా పులినా?"

లేచి వేలిముద్ర మిషను తెరిచాడు. అందులో గ్రేస్ టైము అని ఒక గడి ఉంది. ఎంత ఆలస్యం వరకు పచ్చ వెలగాలో అందులో కొట్టొచ్చు. అక్కడ సున్నా ఉంది. ఆ సున్నా కొట్టింది కూడా నేనే, మిషను పెట్టిన రోజు. ఎంత పెట్టాలని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన సున్నా చెరిపి పది కొట్టాడు. ఓనర్లకు ఫోన్ చేసి మాట్లాడాడు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"దసరా నుంచి పడిన ఎర్రలన్నీ తీసేస్తాండాను. హులిగమ్మను సోమవారం రమ్మని భీమప్పతో కబురు పంపిస్తా." తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు సేసింది ఎందుకో నాకు అర్థమయింది. కానీ గడియారం తిప్పినాననే మనిషికి మళ్ళీ గడియారం ఎట్ల అప్పగిస్తా మధ్వేశ్ గారూ? ఈ నెలతో సాలిద్దాం."

ఆయన మాటలో న్యాయం ఉంది. నేనైనా అంతే చేసేవాణ్ణి.

గేటు దాటుతుంటే భీమప్ప లేచి నిలబడ్డాడు. నేనేమని చెప్పానో ఆయనకు అప్పటికే తెలిసినట్టుంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

17 నవంబరు, సోమవారం

మేనేజర్ పెట్టుకున్న కొత్త మనిషికి నిన్ననే పాస్‌వర్డులన్నీ రాసిచ్చేశాను, నెల మిగిలి ఉన్నా ఇక అక్కడ నాకు పని లేదు. అయినా ఏడింటి బస్సుకి పరిగెత్తాను. జయరాం ఆపాడు. "నిదానంగా రాండి సార్, యాడికి పోతాది," అన్నాడు. వెనక సీట్లో ఒక పెద్దాయన తన గడియారం చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరైనా చూసుకుంటారని నాకు తట్టలేదు.

బండి దగ్గర ఉగ్గాని చెప్పి గేటు వైపు తిరిగి నిలబడ్డాను. ఎనిమిదింటికి ఒకే కూత. భీమప్ప అలవాటు చొప్పున చేతి గడియారం చూసుకుని రోడ్డు వైపు చూశాడు. ఎనిమిదీ ఆరుకి ఆటో. తొమ్మిది మంది. పచ్చ, పచ్చ, పచ్చ. హులిగమ్మ వేలు ముందే కొంగుకు తుడిచి పెట్టింది. పచ్చ.

లోపలికి పోబోతూ నన్ను చూసింది. తిన్నగా రోడ్డు దాటి వచ్చింది.

"ఏం సార్, మల్లా వచ్చినావా? బాగు సేస్తానని మాటిచ్చి నా పేరే కొట్టిపిచ్చినావు కదా! మేనేజరు సారు దేవుని లాంటోడు గాబట్టి మల్లా పిలిపిచ్చినాడు. లేకుంటే నా బిడ్డ వచ్చే ఆదివారానికి బడి ఇడిసి నా ఎనక వస్తాండె. ఇంగొకసారి ఆ డబ్బా మీద సెయ్యి పెట్టినావంటే సూడు!"

గేటు దగ్గర భీమప్ప నోరు తెరవబోయాడు. వద్దని తల ఊపాను.

"పెట్టనమ్మా," అన్నాను.

"పెట్టొద్దు మల్ల," అని, నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి, "ఉగ్గాని సల్లారిపోతాంది, తిను," అంది.

తిన్నాను. చాలా రోజుల తర్వాత రుచి తెలిసింది.

రేపు ఆదోనికి పోయే పని లేదు. అయినా సర్కిల్‌కి పోవాలి. నేను కనబడకపోతే జయరాం విజిల్ వెయ్యకుండా చూస్తూ ఉంటాడు. ఆ బస్సులో ఎవరు ఏ గేటును టైముకు అందుకోవాలో నాకు తెలియదు. నా కోసం ఇక ఆపొద్దని చెప్పి రావాలి. ఏడింటికి ముందే పోవాలి.